మహబూబ్ పాషా మేజోళ్ళు

మేజోడు అనే మాట తెలుగువారి సొంత సొత్తు కాదు. పార్సీ, ఉర్దూ భాషలలోని మోజా అనే పదానికి మన జోడు వచ్చి కలియగా మేజోడు పుట్టింది. పార్సీలో మోజా అంటే మొదట తోలుతో కుట్టిన బూటు. వుజూ సమయంలో కాళ్ళు కడుగుటకు బదులు తడిచేతితో తుడుచుకొనే సౌలభ్యం తోలు మోజాలకే గాని పలుచని నూలు మేజోళ్ళకు లేదని హనఫీ పండితులు చెప్పడంలో ఆ పాత అర్థం ఇప్పటికీ మిగిలి ఉన్నది. తోలుది క్రమంగా నూలుది అయింది. బూటు కాస్తా బూటు లోపలి తొడుగు అయింది. ఉర్దూ, తెలుగు పక్కపక్క గదులలో బోధించే మన కళాశాలలో ఈ ఒక్క మాట ఉభయులదీ.

ఏటేటా ఈ సంచికలో మహనీయుల జీవిత చరిత్రలు చదువుతూనే ఉన్నాము. పుట్టుక, చదువు, పదవి, మరణం అనే వరుసలో అవి సాగుతాయి. ఈసారి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారి జీవితాన్ని పాదాల దగ్గర నుండి చూడాలని నా సంకల్పం. ఇది పరిహాసం కాదు. ఆయన గద్దె నెక్కిన రోజున హైదరాబాదు కొలువులో పెద్ద తగవు నడిచింది పాదరక్షల గురించే.

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాదులోని పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించే నాటికి ఈ బాలునికి మూడేళ్ళు కూడా నిండలేదు. నిజాం సమక్షంలోకి ఎవరు వచ్చినా గుమ్మం దగ్గర పాదరక్షలు విడిచి, నేలమీద పరిచిన తివాచీపై కూర్చోవడం అంతవరకూ ఆచారం. ఆంగ్లేయ రెసిడెంటు కూడా అందుకు అతీతుడు కాడు. ఎంతటి దొరగారైనా ఆ గుమ్మం దాటితే ఉత్త మేజోళ్ళతో నడవవలసిందే. తెల్లవారికి ఇది తలవంపుగా తోచేది. పాలు మరువని పసివాడు గద్దె నెక్కిన ఆ సంధి సమయమే వారికి అనువు దొరికింది. ఆనాటి రెసిడెంటు సాండర్సు పట్టుబట్టి బూట్లతోనే కొలువులోకి వచ్చి, కుర్చీపై కూర్చున్నాడు. నాటితో ఆ ఆచారం ముగిసింది.

దీనికి రెండవ ముఖం ఒకటున్నది. మనవారు దొరల ఎదుటికి వెళ్ళేటప్పుడు చెప్పులు విడవాలనే నియమం కుంపిణీ పాలనలో బలంగా ఉండేది. 1854లో భారత ప్రభుత్వం బెంగాలు ప్రాంతానికి ఒక తీర్మానం చేసింది. ఐరోపా పద్ధతి బూట్లు, మేజోళ్ళు ధరించిన స్వదేశీ పెద్దమనుషులు వాటిని విడవకుండానే అధికారిక సభలకు రావచ్చు అని దాని సారాంశం. 1868లో ఆ నియమాన్ని విస్తరించారు. నాటు చెప్పులు తొడిగిన వాడు మాత్రం వాటిని గుమ్మం దగ్గర వదలవలసిందే! అంటే ఆ దినాలలో ఒక జత మేజోళ్ళు కేవలం సొగసు కాదు; తలుపు తెరిచే తాళపుచెవి. లాయర్లు, గుమాస్తాలు, మునసబు కోర్టు ఉద్యోగులు వేసవి ఎండలో సైతం చెమటలు కక్కుతూ మేజోళ్ళు ఎందుకు తొడిగేవారో ఇప్పుడు మనకు అర్థమవుతుంది.

బాల నిజాము తరఫున దివాను సాలార్ జంగు, షంసుల్ ఉమరా రాజ్యభారం వహించారు. క్లార్కు అనే ఆంగ్లేయ సైనికాధికారిని గురువుగా నియమించారు. నిజాములలో పాశ్చాత్య విద్య నేర్చిన మొదటివారు ఈయనే. ఇంటిలో పార్సీ, ఉర్దూ, అరబ్బీ. గురువు దగ్గర ఇంగ్లీషు. దుస్తులలోనూ రెండు లోకాలు. ఒకనాడు షేర్వాణీ, ఒకనాడు కోటు. ఏది తొడిగినా కాలికి మాత్రం సీమ మేజోళ్ళే. 1877లో ఢిల్లీ దర్బారుకు వెళ్ళినప్పుడు ఆయనకు పదేళ్ళు. 1883లో సాలార్ జంగు కలరాతో ఆకస్మికంగా మరణించగా, మరుసటి యేడు ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పను వచ్చి సర్వాధికారాలూ అప్పగించాడు. కొలువులో పార్సీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించినది ఈ కాలంలోనే. సికిందరాబాదు నుండి బెజవాడ దాకా రైలుమార్గం 1889లో పూర్తయింది. సికిందరాబాదులోని మహబూబ్ కళాశాలకు ఆయన పేరే. 1893లో వివేకానందుడు ఉపన్యసించినది అక్కడనే. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. ఇవన్నీ పాఠ్య గ్రంథాలలో దొరికేవే గనుక ఇక్కడ ఆగను.

ఆగవలసినది పురానీ హవేలీలోని ఆయన దుస్తుల శాల దగ్గర. భవనంలో ఒక పార్శ్వమంతా అందుకే కేటాయించారు. నూట యాభై అడుగులకు పైబడిన పొడవున, రెండు అంతస్తులుగా, ఎదురెదురుగా కొయ్య బీరువాలు. పై వరుసకు చేరడానికి మనిషి చేతితో తిప్పే లిఫ్టు. ఒకసారి తొడిగిన దుస్తులు ఆయన మళ్ళీ తొడగలేదని లోకంలో వాడుక. టోపీలు, షేర్వాణీలు, బూట్లు, వాటితోపాటు మేజోళ్ళు ఆ బీరువాలలో వరుస తీరి ఉండేవి. భవనంలో కొంతభాగాన్ని 2000 సంవత్సరంలో ప్రదర్శనశాలగా తెరిచారు.

ఈ సంపద కంతటికీ కాపలాదారు ఆల్బర్టు ఆబిడ్ అనే ఆర్మీనియా జాతీయుడు. నవాబుగారి వ్యక్తిగత పరిచారకుడు. ఈయన గురించి ఒక కథ హైదరాబాదులో నేటికీ చెప్పుకుంటారు. ఒకసారి వాడి వదిలిన వస్తువులు ఆబిడ్‌కు దక్కేవి. ఆయన వాటిని శుభ్రపరచి తన దుకాణంలో పెట్టేవాడు. ఆ దుకాణానికి నవాబుగారే వచ్చి ముచ్చటపడి మళ్ళీ కొనేవారట! కథలో నిజమెంత అన్నది అటుంచితే, ఆ దుకాణం ఉన్న ప్రాంతానికి మాత్రం ఆబిడ్స్ అనే పేరు స్థిరపడింది. పెళ్ళి బట్టలకు హైదరాబాదు వెళ్ళిన మన ఊరివారు ఆబిడ్స్‌లో బేరమాడుతూ తాము ఒక పరిచారకుని పేరు పలుకుతున్నామని ఎరుగరు.

ఆ కాలపు మేజోళ్ళ తీరు కొంత తెలుసుకొనడం అవసరం. పాదానికి అతుక్కొని ఉండే పలుచని మేజోటికి రెండే ముడిసరుకులు: పట్టు, లేక లైల్ అనే సన్నని పేటనూలు. లైల్ నూలును గట్టిగా పురిపెట్టి, పైన లేచిన నూగును మంటపై చురుక్కున కాల్చి నునుపు చేస్తారు. జాన్ మెర్సరు అనే ఆంగ్లేయుడు 1850లో నూలును క్షారంలో నానబెట్టే పద్ధతికి హక్కు పొందాడు. 1890 ప్రాంతంలో హోరేసు లో అనేవాడు నూలును లాగిపట్టి ఉంచి అదే పని చేయగా దానికి పట్టు వంటి మెరుపు వచ్చింది. సాయంత్రపు విందులకు నల్లనివి, వాటి చీలమండ పక్కగా పైకి సాగే సన్నని పట్టు కుట్టు. దొరలు దానిని క్లాక్ అనేవారు. గడియారంతో దానికి సంబంధం లేదు. పగటి వేళకు నిలువు చారలు, చిన్న చుక్కలు. అంచున సాగే దారం అప్పటికి లేదు కనుక పిక్కకు ఒక పట్టీ కట్టి మేజోటిని దానికి తగిలించేవారు. లేకుంటే నాలుగడుగులు వేసేసరికి జారి చీలమండ మీద ముడతలు పడేది.

ఇందులో మన పెదకాకాని ప్రసక్తి ఏమున్నదని ఎవరైనా అడగవచ్చు. ఉన్నది. గుంటూరు సర్కారు ఒకప్పుడు నిజాము రాజ్యంలోనిదే. 1788లో కుంపిణీకి చేజిక్కింది. మన నల్లరేగడిలో పండిన పత్తి కాకినాడ రేవు నుండి ఓడలెక్కేది కనుక సీమ వర్తకులు దానిని కోకనాడ పత్తి అనేవారు. దాని రంగు తెలుపు కాదు, ఒకింత ఎర్రజీర. పింజ పొట్టి. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం సాగి అక్కడి పత్తి ఆగినప్పుడు మన పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. యుద్ధం ముగిసిన మరుసటి యేడే మహబూబ్ అలీఖాన్ పుట్టుక. ధర కూడా అప్పటికే దిగజారింది. పొట్టి పింజతో లైల్ నూలు రాదు. దానికి ఈజిప్టు పత్తి వంటి పొడుగు పింజ కావాలి. ఆ విధంగా నవాబుగారి పాదాలను ఏనాడూ మన చేని నూలు తాకి ఉండదు. 1970 తరువాత వరలక్ష్మి వంటి సంకరజాతులు మన జిల్లాకు వచ్చి పింజ పొడవు పెరిగింది గాని అది వేరు కథ.

వేషం మీద ఇంత మోజు గల మనిషి పరిపాలకునిగా ఎటువంటివాడు? వేట అంటే ప్రాణం. పులులను కొట్టడంలో దిట్ట గనుక తీస్‌మార్ ఖాన్ అని పిలిచేవారు. రాత్రివేళ మారువేషంతో బస్తీలు తిరిగేవారని ప్రతీతి. పాము కరిచినవారు ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందని పల్లెల్లో నమ్మకం. అడిగినవానికి లేదనడం తెలియని చేయి. ఆస్థాన చిత్రగ్రాహకుడు రాజా దీనదయాళ్ తీసిన ఛాయాచిత్రాలలో చిన్న విగ్రహం, సన్నని ముఖం, కుదురైన నిలకడ కనిపిస్తాయి. జనం ఆయనను మహబూబ్ పాషా అన్నారు. మహబూబ్ అంటే ప్రియతముడు అనే కదా!

అయితే ఒక మాట దాచకూడదు. ఒకసారి తొడిగి వదిలిన ఆ మేజోళ్ళ ఖరీదు ఎవరి శిస్తు నుండి వచ్చింది? ఆయన పేరు పెట్టుకున్న పాలమూరు జిల్లా తరువాతి కాలంలో దేశమంతటా ఆనకట్టల పనికి వలసపోయే కూలీలకు పేరుపడింది. వారి కాళ్ళకు మేజోళ్ళు మాట అటుంచి చెప్పులే అరుదు. దాతృత్వాన్ని కీర్తించే వారు ఈ లెక్కను కూడా చూడాలి. నేను ఆయనను ప్రేమిస్తూనే ఈ మాట రాస్తున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద ఒక్కరోజులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. పదిహేను వేలమంది పోయారని అంచనా. ఇళ్ళు కోల్పోయిన వారికి నవాబు తన భవనాల తలుపులు తెరిపించారు. పురోహితుల సలహాపై హైందవ సంప్రదాయంలో నది ఒడ్డున నిలిచి, చీర, ముత్యాలు సమర్పించి హారతి ఇచ్చారని హైదరాబాదులో చెప్పుకుంటారు. నదికి హారతి పట్టేవారు పాదరక్షలు విడిచే పడతారు గదా. తన ముందు బూట్లు విప్పనన్న దొరతో మొదలైన ఏలుబడిలో, ఏలిక తానే కాళ్ళ బురదకు నిలిచిన ఘట్టం ఇది.

ఇక వజ్రం సంగతి. 1891లో సిమ్లా నగల వర్తకుడు జేకబ్ ఒక మహావజ్రాన్ని నవాబుగారికి అమ్మజూపాడు. ధర 46 లక్షలు. అందులో 23 లక్షలు ముందుగా జమ చేశారు. తరువాత బేరం చెడి వ్యవహారం కలకత్తా కోర్టు కెక్కింది. ఏలిక సాక్ష్యం చెప్పవలసి రావడం ఆయనకు పెద్ద అవమానమైంది. వర్తకుడు నిర్దోషి అయ్యాడు. వజ్రం ఒడంబడికతో హైదరాబాదు చేరింది. కాని దానిని ఆయన అశుభంగా భావించారు. అందుకే తలపాగాలోనూ కాదు, ఉంగరంలోనూ కాదు, గుడ్డలో చుట్టి పాత పాదరక్ష ముందు భాగంలో దోపి ఉంచారని చెబుతారు.

ఇంతగా మేజోళ్ళ మాట వచ్చాక, విద్యార్థి మిత్రులు వేటిని ఏ విధంగా ఎన్నుకోవాలన్న ప్రశ్న సహజం. ఇంటర్వ్యూలకు వెళ్ళే చివరి సంవత్సరం విద్యార్థులు ఏటా నన్ను అడుగుతూనే ఉంటారు. నవాబుగారి నాటి మర్యాదే చాలావరకు నేటికీ చెల్లుతుంది. మేజోటి నేల రంగు ప్యాంటు రంగుతో కలవాలి, బూటు రంగుతో కాదు. అప్పుడు కాలు పొడవుగా, తెగకుండా కనిపిస్తుంది. దానిపై చారగాని, చుక్కగాని, గడిగాని ఏదో ఒక్కటే ఉండాలి. ఆ అల్లికలోని రెండవ రంగు చొక్కాలోనో టైలోనో ఎక్కడో ఒకచోట మళ్ళీ పలికితే చాలు. ప్యాంటుకే గళ్ళుంటే మేజోళ్ళు సాదావి తొడగడం మేలు. కోణాల గళ్ళున్న ఆర్గైల్ మేజోళ్ళు స్కాట్లండు కాంబెల్ వంశీయుల గళ్ళ బట్ట నుండి పుట్టాయి. వాటిని లోకానికి అలవాటు చేసిన వేల్సు యువరాజు 1922లో హైదరాబాదు కూడా వచ్చాడు. అవి కాలేజీ ఉత్సవాలకు బాగుంటాయి. ఇంటర్వ్యూకు మాత్రం సన్నని చుక్కలో, సన్నని నిలువు చారలో ఉత్తమం.

పొడవు పిక్క సగం దాకా ఉండాలి. కుర్చీలో కూర్చుని కాలుపై కాలు వేసినప్పుడు ప్యాంటుకూ మేజోటికీ నడుమ చర్మం కనిపించడం కొట్టవచ్చినట్లు ఉంటుంది. మన ఎండలకు నైలాను తగదు. చెమట పీల్చదు, వాసన పట్టుకుంటుంది. నూలుపాలు ఎక్కువ, సాగడానికి కొద్దిపాటి కృత్రిమ దారం కలిసినవి చూసుకోండి. కొనేముందు లోపలికి తిరగేసి వేళ్ళ దగ్గరి కుట్టును వేలితో తడమండి. అది లావుగా ఉంటే సాయంత్రానికి బొటనవేలు చెబుతుంది. తెల్లనివి ఆటస్థలానికే ఉంచండి. మిరపకాయల కాలంలో గుంటూరు యార్డు దరిదాపుల గంటసేపు తిరిగి వచ్చిన తెల్లమేజోటి రంగు చూసిన వారికి ఈ సలహా ఇవ్వనక్కరలేదు. వానలో రేగడి సంగతి సరేసరి.

మన నేలపై మరొక విశేషం ఉన్నది. దొరల దేశంలో మేజోడు బూటులో దాగి ఉంటుంది. మన దగ్గర రోజుకు నాలుగుసార్లు బయటపడుతుంది. మల్లేశ్వరస్వామి గుడికి వెళ్ళినా, బాజీబాబా దర్గాకు వెళ్ళినా, బంధువుల ఇంటి గడప తొక్కినా పాదరక్షలు బయటనే. ఒకసారి నేను ఒక నిఖా విందులో దస్తర్‌ఖాను ముందు కూర్చున్నాను. కుడి మడమ దగ్గర రూపాయి బిళ్ళంత చిరుగు. ఎదుట కూర్చున్న పెద్దాయన చూసీ చూడనట్లు తన శాలువ కొసను నా కాలిపైకి జరిపారు. ఆ మర్యాదకు నేను పడిన సిగ్గు ఇంతా అంతా కాదు. బిర్యానీ రుచి గుర్తులేదు. నాటి నుండి వారానికొకసారి మేజోళ్ళన్నీ దీపానికి అడ్డంపెట్టి చూడడం అలవాటు చేసుకున్నాను. వెలుగు కనబడిన చోట చిరగక ముందే నాలుగు కుట్లు వేస్తాను. ఉతికేటప్పుడు తిరగేసి ఉతకడం, నీడన ఆరబెట్టడం, జతను విడదీయకుండా మడవడం, ఇంతే కదా పని.

మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 45 ఏళ్ళే. మక్కా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉన్నది. ఆ వెనుక గద్దె నెక్కిన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు తండ్రి పాత పాదరక్షలో ఆ వజ్రం దొరికిందని, దానిని కాగితాలు ఎగరకుండా బల్లపై బరువుగా వాడారని ప్రసిద్ధి. ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని 1937లో అమెరికా పత్రిక టైము ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ఆయన ఒకే టోపీని ఏళ్ళతరబడి పెట్టుకున్నారనీ, తన మేజోళ్ళు తానే అల్లుకొనేవారనీ చెప్పుకుంటారు. తండ్రి వైభవానికి మురిసిన జనం కొడుకు పొదుపును చూసి నవ్వారు. ఉర్దూ మాధ్యమంలో విశ్వవిద్యాలయం స్థాపించిన చేతులు కూడా అవేనని నవ్వేవారికి గుర్తు లేకపోయింది. నా మట్టుకు నాకు, ఒక పాలకుడు సూదులు పట్టి కూర్చుని మడమ మలుపు తిప్పుకోవడం నవ్వవలసిన విషయంగా ఏనాడూ తోచలేదు. మేజోటిలో కష్టమైన పని ఆ మడమ మలుపే; చారలూ చుక్కలూ ఎవరైనా అల్లుతారు.

జేకబ్ వజ్రాన్ని మిగిలిన నిజాము నగలతో కలిపి 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. హైదరాబాదు వెళ్ళిన విద్యార్థులు సాలార్ జంగు మ్యూజియం చూసి తిరిగి వస్తుంటారు. అక్కడికి దగ్గరలోనే పురానీ హవేలీ. ఆ పొడవాటి బీరువాల నడుమ ఈ చివర నుండి ఆ చివరకు ఒకసారి నడిచి, చేతితో తిప్పే ఆ లిఫ్టును కూడా చూసి రండి.